హంపి ఏట్లో రాతి కంబాలు: ఒక పాత వంతెన కథ

హంపిలో విఠలుని గుడి చూసి తుంగభద్ర గట్టుకు దిగితే, పురందరదాసుల మండపం దగ్గర నీళ్లలో వరుసగా నిలబడిన రాతి కంబాలు మీకు కనిపిస్తాయి. చూడగానే కూలిపోయిన మండపమేమో అనిపిస్తుంది. కాదు, అది వంతెన. విజయనగర కాలంలో అవతలి గట్టుకు, అంటే ఆనెగొంది వైపుకు దాటడానికి కట్టింది.

కంబాలను కొంచెం దగ్గరగా చూడండి. గుడి కంబాల్లాగా వీటి మీద బొమ్మలు, చెక్కడాలు ఉండవు. మొరటు రాయి, అంతే. మనుషులు నడిచిన పైదారి మాత్రం పోయింది. అది చెక్క దూలాలు, పలకలతో వేసిందని చాలామంది అంటారు. అందులో అర్థం ఉంది. రాయి మీద నిలువుగా ఎంత బరువు పెట్టినా మోస్తుంది. అదే రాయిని పొడుగాటి పలకగా అడ్డం వేస్తే నడుమ విరుగుతుంది. మాను అలా కాదు, కొంత వంగి బరువు ఓర్చుకుంటుంది. కానీ వానకు, ఎండకు, చెదలకు అది నిలవదు. వరదలో కొట్టుకొచ్చే చెట్లు తగిలితే ఇక చెప్పక్కర్లేదు.

వంతెన లేని కాలంలో పుట్టే దిక్కు. దీన్నే హరిగోలు అంటాం, కన్నడంలోనూ అదే మాట. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు వ్యాపారి డొమింగో పేస్ ఈ పుట్టి గురించి రాశాడు: బుట్టలాగా గుండ్రంగా ఉంటుందట, లోపల బెత్తం, బయట తోలు, పదిహేను ఇరవై మంది పడతారు, నేరుగా పోకుండా తిరుగుతూ పోతుంది! హంపికి వెళ్లినవాళ్లు ఈ తిరుగుడు ఇప్పటికీ చూడొచ్చు, తోలు బదులు ప్లాస్టిక్ పట్టా వచ్చింది గానీ.

తర్వాత ఏరే సరిహద్దు అయింది. బళ్లారి మద్రాసు రాష్ట్రంలో, ఆనెగొంది నిజాం రాజ్యంలో. 1953లో బళ్లారి మైసూరులో కలిసింది, 1956లో అవతలి గట్టు కూడా వచ్చి చేరింది.

కొత్త వంతెన కథ మాత్రం బాధ కలిగిస్తుంది. తళవారఘట్ట దగ్గర ఆనెగొందికి తీగల వంతెన కడుతుంటే, దాని వల్ల హంపి రూపం చెడుతుందని యునెస్కో 1999లో హంపిని ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల పట్టికలో పెట్టింది. 2006లో తీసేసింది. 2009 జనవరిలో ఆ వంతెన పని జరుగుతుండగానే కూలి కూలీలు చనిపోయారు. ఇప్పుడు బుక్కసాగరం, కడేబాగిలు మధ్య వేరే వంతెన ఉంది.

మనకు ఇంకా దగ్గరిది కంప్లి వంతెన. గంగావతికి పోయేవాళ్లకు బాగా తెలుసు. డ్యాం నుంచి లక్ష క్యూసెక్కులకు పైగా నీళ్లు వదిలితే అది మునుగుతుంది, రాకపోకలు ఆపేస్తారు. తల్లిదండ్రులారా, అడ్డం పెట్టినప్పుడు "నీళ్లు మోకాలి లోతే కదా" అని బండి దింపకండి. నీళ్ల కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో పైనుంచి తెలియదు.

పిల్లలకు కంబాలు చూపించాలంటే వానాకాలం పోయాక తీసుకెళ్లండి. ఏరు నిండుగా ఉన్నప్పుడు పురందరదాసుల మండపమే మునిగిపోతుంది. ఎండాకాలంలోనైనా గట్టు మీద నుంచే చూడండి. కంబాల మధ్య నీటి లాగుడు ఎక్కువ, బండలకు పాచి ఉంటుంది.