గల్లంతైన వారి కోసం గాలింపు: మునిగిన చోటే మొదటి ఆధారం

ఆత్మకూరు, ఉదయగిరి: పెన్నా నదిలోనో, సాగునీటి కాలువలోనో మనిషి గల్లంతైతే బంధుమిత్రులు వెంటనే దిగువకు పరుగులు తీయడం పరిపాటి. దీనివల్ల పలుమార్లు విలువైన సమయం వృథా అవుతుంది. మృతదేహం లభించకుంటే అంత్యక్రియలకు నోచుకోలేదన్న వేదనతోపాటు మరణ ధ్రువీకరణ, బీమా, పరిహారం విషయాల్లోనూ చిక్కులు తప్పవు. ఆచూకీ లేని వ్యక్తిని మరణించినట్లుగా భావించేందుకు సాక్ష్య చట్టం 7 ఏళ్ల గడువు పేర్కొంటోంది.

అడుగున కదలిక స్వల్పం

ఊపిరితిత్తుల్లో నీరు చేరిన శరీరం సాధారణంగా అడుగుకు చేరుతుంది. నది అడుగున ప్రవాహ వేగం పైభాగం కంటే తక్కువ. రాళ్లు, చెట్ల వేర్లు, ఇసుక గుంతలు శరీరాన్ని నిలువరిస్తాయి. అందుచేత తొలి దశలో మునిగిన చోటికి సమీపంలోనే గాలించాలి. ఉధృతమైన వరదలో మాత్రం మునగక ముందే చాలా దూరం కొట్టుకుపోయే అవకాశం ఉంది.

తరువాత శరీరంలో వాయువులు ఏర్పడి పైకి తేలుతుంది. వెచ్చని నీటిలో ఇందుకు ఒకటి నుంచి మూడు రోజులు, చల్లని లోతైన నీటిలో వారాలు పట్టవచ్చు. తేలిన తరువాతే ప్రవాహం, గాలి దానిని దూరం తీసుకుపోతాయి.

అనుభవాలు చెప్పేదేమిటి?

2023 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం తోడేరు చెరువులో పడవ మునిగి ఆరుగురు యువకులు మరణించారు. మృతదేహాలు ఆ చెరువులోనే లభించాయి. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదలో కచ్చులూరు వద్ద బోటు మునిగినప్పుడు కొన్ని మృతదేహాలు దిగువన ధవళేశ్వరం వరకు వెళ్లాయి. మరికొన్ని అక్టోబరు 22న బోటును వెలికితీసే వరకు అందులోనే చిక్కుకుని ఉన్నాయి. 2014 జూన్ 8న హిమాచల్‌లోని బియాస్ నదిలో హైదరాబాద్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోగా, మంచు కరిగిన చల్లని నీటిలో గాలింపు నెలకు పైగా సాగింది.

ఇక్కడ ఎక్కడ చూడాలి?

గండిపాళెం జలాశయం, చెరువుల్లో మునిగిన చోటు చుట్టూ గాలించాలి. శరీరం తేలితే గాలి వీచే వైపు ఒడ్డున చూడాలి. సోమశిల దిగువన పెన్నాలో వంపుల లోపలి వైపు, ఇసుక తవ్విన మడుగులు, చిల్లచెట్ల పొదలు, వంతెన స్తంభాల వద్ద పరిశీలించాలి. ఇంకా దిగువన సంగం బ్యారేజీ వద్ద నిఘా అవసరం. కాలువల్లో తూములు, షట్టర్లు ముఖ్యం.

ప్రత్యక్ష సాక్షులు చేయవలసినవి

* ఈత రానివారు నీటిలోకి దిగరాదు. తాడు, కర్ర, ఖాళీ క్యాను అందించాలి. వెంటనే 112కు ఫోన్ చేయాలి.
* చివరిసారి కనిపించిన చోటును, సమయాన్ని గుర్తుంచుకోవాలి. ఇద్దరు సాక్షులు తాము నిలిచిన చోట్ల నుంచే ఎదుటి గట్టున ఒక్కో గుర్తు చూసుకోవాలి. ఆ రెండు చూపులు కలిసే చోటే గాలింపునకు కేంద్రం.
* జలాశయం నుంచి నీటి విడుదల తగ్గించాలని పోలీసు, రెవెన్యూ సిబ్బంది ద్వారా జలవనరుల శాఖను కోరాలి.
* మొదటి రోజు దొరకలేదని గాలింపు ఆపరాదు. శరీరం తేలే రోజుల్లో ఉదయం, సాయంత్రం దిగువ గట్ల వెంట గమనించాలి.

ఘటన జరిగిన చోట ఒక గుర్తు కర్ర పాతడం చిన్న పనే. గజ ఈతగాళ్ల శ్రమను, కుటుంబం నిరీక్షణను అది ఎంతో తగ్గించగలదు.