బావిగట్టునకు వచ్చిన గాలి



సంస్కృతమున 'భస్త్ర' యనగా తోలుసంచి. కొలిమివద్ద దానినే మనము తిత్తి యందుము. ప్రాణాయామములలో భస్త్రికకు ఆ పేరు దీనినిబట్టియే వచ్చినది. తిత్తిని నొక్కినచో గాలి నిప్పులోనికి పోవును. ఎత్తినచో తోలుమూత తెరచుకొని బయటిగాలి లోనికి వచ్చును. రెండు తిత్తులను మార్చిమార్చి నొక్కు నేర్పరి నిప్పునకు ఊపిరి తెగనీయడు. రాయలసీమలో బావులు లోతు చేయుటకు వచ్చు ట్రాక్టరు కంప్రెసరు ఈ తిత్తి వంశములోనిదే. ఆ వంశచరిత్రమును కొంత మనవి చేసెదను.

తొండూరు, పులివెందుల సీమలలో బావి త్రవ్వుట యనగా రాతితో పోరాటమే. ఇచ్చటి ఒక శిలకు భూగర్భశాస్త్రజ్ఞులు 'పులివెందుల క్వార్ట్‌జైట్' అని మన ఊరిపేరే పెట్టిరి. కోట్ల యేండ్ల క్రిందట ఇసుకరేణువులు బిగిసి యేర్పడిన రాయి యది. అందు అధికభాగము సిలికా. ఈ సిలికా మాట మరల వచ్చును, జ్ఞాపకముంచుకొనుడు. అట్టి రాతిలో తూటా పెట్టుటకు రంధ్రము కావలెనన్నచో, పూర్వము ఒకడు ఇనుపకడ్డీని పట్టి త్రిప్పుచుండగా వేరొకడు సమ్మెటతో కొట్టుచుండవలసినదే. మొద్దువారిన కడ్డీలు మరల కమ్మరి కొలిమికి పోవలసినదే.

ఈ చేతిపనిని యంత్రమునకు అప్పగించిన చోటు బహుదూరమున నున్నది. ఫ్రాన్సు, ఇటలీ దేశముల నడుమ ఆల్ప్సు పర్వతముల క్రింద ఫ్రేజూ రైలుసొరంగమును 1857లో తొలువ నారంభించిరి. దాని పొడవు పండ్రెండు కిలోమీటర్లకు పైమాట. ఆవిరియంత్రమును లోపలికి కొనిపోయినచో పొగ, వేడిమి మనుష్యులను చంపును. జెర్మేన్ సొమ్మెయే అను ఇంజనీరు కొండవాగుల నీటి బలముచే వెలుపలనే గాలిని నొక్కించి, గొట్టముల గుండ లోపలికి పంపి, 1861 నుండి ఆ గాలితోనే రాతిని తొలిపించెను. పని చేసిన గాలియే లోపలివారికి ఊపిరియు నయ్యెను! 1870 డిసెంబరులో ఇరువైపులవారు కలిసికొనిరి. 1871 సెప్టెంబరులో సొరంగము తెరువబడెను; సొమ్మెయే మాత్రము అదే యేడు జూలైలో గతించెను.

అయినను గొట్టము పోగలిగినంత మేరకే ఆ గాలి పోవును. రైతు పొలమునకు వచ్చుటెట్లు? గాలిని తొట్టిలో నింపి మోసికొనిపోరాదా యని మీరడుగవచ్చును. లెక్క చూడుడు. ఏబది లీటర్ల తొట్టిలో ఏడురెట్ల ఒత్తిడితో గాలిని నింపినచో అది మామూలు గాలిలో మూడువందల యేబది లీటర్లకు సమానము. జాక్‌హామరు నిమిషమునకు సుమారు రెండు మూడు వేల లీటర్లు మ్రింగును. తొట్టి పట్టుమని పది క్షణములు నిలువదు. కావున మోయవలసినది గాలిని కాదు, తిత్తినే.

తిత్తిని మోయుటలో రెండు చిక్కులు కలవు. మొదటిది వేడిమి. సైకిలుకు గాలి కొట్టునపుడు పంపు అడుగు కాలుట మనమెరిగినదే. ఒక్కమారుగా ఏడెనిమిది రెట్లు నొక్కినచో గాలి రెండువందల డిగ్రీలు దాటగలదు. నూనె మాడును, శ్రమ వ్యర్థమగును. అందుచే పెద్ద సిలిండరులో కొంత నొక్కి, నడుమ చల్లార్చి, చిన్న సిలిండరులో మిగిలినది నొక్కుదురు. రెండవది బరువు. కంప్రెసరునకు ప్రత్యేకముగ ఇంజను, చక్రములు పెట్టినచో దానిని లాగుటకు మరియొక బండి కావలెను. బండిని లాగు ట్రాక్టరు ఇంజనుచేతనే బావిగట్టున కంప్రెసరును త్రిప్పించుట నాకు మిక్కిలి నచ్చిన యుక్తి. నాగలి దున్నిన యెద్దే కపిల తోలినట్లున్నది. బోరుబావులు త్రవ్వు లారీల కంప్రెసర్లు మరల బహుభారము లయ్యెను. అచట గాలియే సుత్తిని భూగర్భమున కొట్టించి, రాతిపొడిని పైకి చిమ్మును.

ఈ పొడి విషయమే నన్ను ఈ ప్రసంగమునకు పురికొల్పినది. అమెరికాలో జాన్ జార్జి లేనర్ అనువాడు 1897 ప్రాంతమున గుల్లకడ్డీ గుండ గాలిని పంపి రంధ్రములోని పొడిని వెడలగొట్టు యంత్రమును చేసెను. లేచిన దుమ్మునకు కార్మికులు దానిని ముట్టమనిరి. అప్పుడతడు గాలితోపాటు నీటినికూడ పంపెను; దుమ్ము అణగెను. మన పొరుగున కోలారు బంగారుగనులలో తెలుగువారనేకులు పనిచేసిరి. అచట 1940–46 సంవత్సరముల నడుమ ఏడువేలకు పైబడిన కార్మికులను పరీక్షింపగా, నూటికి నలువదిమందికి మించి సిలికోసిస్ అను ఊపిరితిత్తుల వ్యాధి కనబడెను. సిలికా దుమ్ము తిత్తిలో చేరి దానిని నార గట్టించు వ్యాధి యది. పోయిన ఊపిరి తిరిగి రాదు. శరీరములోని ఈ అవయవమునకు తెలుగువారు తిత్తియనియే పేరిడుట చూడుడు.

1948 నాటి కర్మాగారముల చట్టము ఈ వ్యాధిని తప్పక తెలుపవలసిన వ్యాధులలో చేర్చినది. రైతు బావి కర్మాగారము కాదు. అచట లెక్క వ్రాయువాడు లేడు. పని ముగిసిన పిమ్మట ట్రాక్టరు వేరొక ఊరికి పోవును. ముక్కునకు కట్టిన తుండుగుడ్డ సన్నని సిలికాను ఆపజాలదు. రంధ్రములో నీరు పోయుచు తొలుచుటయే ఉపాయము. బావిలో నీరు లేకయే కదా త్రవ్వించుట యందురు. నిజమే, ఆ నీటిని పీపాలతో బండిమీద తెప్పింపవలసి యుండును. దాని ఖర్చు కూలిలో కాక, బావి ఖర్చులోనే వ్రాయవలెను.