వైద్య విద్యార్థిని ఎంచేదెలా? బాగ్దాద్ పరీక్ష మనకు మిగిల్చిన ప్రశ్న

హిజ్రీ శకం 319 (క్రీ.శ. 931)లో బాగ్దాద్ నగరంలో ఒక వైద్యుని పొరపాటు వల్ల సామాన్యుడొకడు ప్రాణం కోల్పోయాడు. ఈ సంగతి అబ్బాసీ ఖలీఫా అల్ ముఖ్తదిర్ చెవిని పడింది. ఆ రోజుల్లో అంగళ్ళలో తూనికలను, కొలతలను, వృత్తిపనివారల పనితీరును తనిఖీ చేసే అధికారిని ముహ్తసిబ్ అనేవారు. సినాన్ బిన్ సాబిత్ పరీక్షించి పత్రం వ్రాసి ఇస్తే తప్ప ఎవ్వరినీ వైద్యం చేయనివ్వరాదని ఖలీఫా ఆ అధికారికి ఆజ్ఞ జారీ చేశాడు. నగరం ఇరువైపులా ఉన్న వైద్యులు 860 మందికి పైగా సినాన్ ఎదుట హాజరయ్యారు. పేరుప్రఖ్యాతులు గడించినవారికి, ప్రభుత్వ కొలువులో ఉన్నవారికి మాత్రం ఈ పరీక్ష నుండి మినహాయింపు లభించింది.

ఈ ఉదంతాన్ని మనవారు సభలలో సగర్వంగా చెప్పుకుంటారు. చెప్పుకోవలసినదే. అయితే జమాలుద్దీన్ అల్ ఖిఫ్తీ వంటి చరిత్రకారులు దీనికి జోడించిన మరొక భాగాన్ని మాత్రం తరచు వదిలివేస్తుంటారు. వైద్య కళాశాలలో ఎవరికి ప్రవేశం ఇవ్వాలి, ఎవరికి నిరాకరించాలి అనే నేటి వివాదానికి అసలు పనికివచ్చేది ఆ రెండవ భాగమే.

వృద్ధుడు, అతని కుమారుడు

పరీక్షకు వచ్చినవారిలో చక్కని దుస్తులు ధరించిన ఒక పెద్దమనిషి ఉన్నాడు. అతని గాంభీర్యాన్ని చూచి సినాన్ గౌరవంగా దగ్గర కూర్చోబెట్టుకొన్నాడు. మిగిలినవారి పని ముగిసిన తరువాత, మీ నోట ఏదైనా విని జ్ఞాపకం ఉంచుకోవాలని ఉంది, మీ గురువు ఎవరు అని అడిగాడు. వృద్ధుడు ఒక కాగితపు పొట్లం తీసి అందులోని బంగారు దీనారాలను సినాన్ ముందు ఉంచాడు. తనకు చదవడం, వ్రాయడం సరిగా రాదని, ఇంటినిండా పోషించవలసినవారు ఉన్నారని, తన జీవనాధారాన్ని తెంచవద్దని ప్రాధేయపడ్డాడు. సినాన్ నవ్వి ఒక షరతు మీద అనుమతించాడు. తెలియని జబ్బు జోలికి పోరాదు. తేలికపాటి రుగ్మతలకు తప్ప రక్తం తీయడం, విరేచనాలకు మందు ఇవ్వడం చేయరాదు. అందుకు ఆ వృద్ధుడు, జన్మలో తాను సికంజబీన్, జులాబ్ పానకాలను దాటి పోలేదని బదులు చెప్పాడు.

మరునాడు అందగాడైన ఒక యువకుడు వచ్చాడు. ఎవరి దగ్గర నేర్చుకొన్నావని అడిగితే మా తండ్రిగారి దగ్గర అన్నాడు. ఆయన ఎవరని అడిగితే, నిన్న మీ దగ్గరకు వచ్చిన పెద్దాయనే అన్నాడు. సినాన్ చేయగలిగింది ఒక్కటే: తండ్రి గీసుకొన్న గీత దాటవద్దని చెప్పి పంపివేశాడు.

ఇది కేవలం నవ్వుకోవడానికి చెప్పిన ముచ్చట కాదు. ప్రవేశాల విషయంలో నేటికీ మనలను వేధించే మూడు సమస్యలు ఇందులో ఇమిడి ఉన్నాయి: ధనం, జాలి, వారసత్వం. మరొక విషయం కూడ మరువరాదు. పరీక్షాధికారి అయిన సినాన్ స్వయంగా సుప్రసిద్ధ విద్వాంసుడు సాబిత్ బిన్ ఖుర్రా కుమారుడు. సినాన్ కుమారుడు కూడ వైద్యుడే. బాగ్దాద్ దర్బారులో బుఖ్తీషూ క్రైస్తవ కుటుంబం, స్పెయిన్‌లో ఇబ్నె జుహ్ర్ కుటుంబం తరతరాలుగా వైద్యులను అందించాయి. అనగా వైద్యవృత్తికి ఆనాటి ప్రధాన ద్వారం తండ్రి ఇల్లే. మన పూర్వులు సర్వలోపరహితమైన పద్ధతిని నెలకొల్పారని చెప్పుకోవడం చరిత్రకు న్యాయం కాదు. వారు లోపాన్ని గుర్తించారు, దానితో పెనుగులాడారు. మనం నేర్చుకోవలసింది ఆ పెనుగులాటనే.

పరీక్ష ఎవరి కొరకు?

వైద్యం తెలియనివాడు వైద్యం చేసి హాని కలిగిస్తే ఆ నష్టానికి అతడే బాధ్యుడని దైవప్రవక్త (స) బోధించినట్లు అబూ దావూద్, నసాయీ, ఇబ్నె మాజా హదీసు సంకలనాలలో ఉన్నది. ఫిఖ్హ్ పండితులు వైద్యుని బాధ్యతను గురించి చేసిన చర్చలకు ఇది ఒక ముఖ్యమైన ఆధారం. ఇక్కడ గమనించవలసిన అంశం, చర్చ రోగితో మొదలవుతుంది. వృత్తిలో ప్రవేశించగోరేవాని హక్కుతో కాదు. బాగ్దాద్ పరీక్ష కూడ ఒక రోగి మరణం నుండే పుట్టింది.

తరువాతి శతాబ్దాలలో ఈ భావన నియమావళిగా రూపొందింది. క్రీ.శ. 12వ శతాబ్దికి చెందిన అష్షైజరీ, ముహ్తసిబ్‌ల కొరకు వ్రాసిన గ్రంథంలో, వైద్యులచేత హిపోక్రటీస్ ప్రమాణం చేయించాలని, కంటి వైద్యులను హునైన్ బిన్ ఇస్‌హాఖ్ నేత్రవైద్య గ్రంథం ఆధారంగా పరీక్షించాలని నిర్దేశించాడు. హునైన్ క్రైస్తవుడు, హిపోక్రటీస్ గ్రీకు దేశస్థుడు. రోగి క్షేమం విషయంలో ముస్లిం సమాజం విద్య ఎవరిది అని చూడలేదు, అది నమ్మదగినదా అని చూసింది.

గుణాన్ని కొలవగలమా?

క్రీ.శ. 9వ శతాబ్దిలో ఇస్‌హాఖ్ బిన్ అలీ అర్రుహావీ రచించిన 'అదబుత్తబీబ్' వైద్యనీతిని గురించిన గ్రంథం. అందులోని 20 అధ్యాయాలలో ఒకటి వైద్యుల పరీక్షకు సంబంధించినది. మరొకటి, వైద్యవిద్య కోరిన ప్రతివానికీ తగదని, స్వభావం, నడవడి అందుకు అనుకూలంగా ఉన్నవారికే తగుననీ వాదిస్తుంది. నేడు కొన్ని దేశాలలో వైద్య కళాశాలలు మార్కులతోపాటు ముఖాముఖి పరీక్ష జరిపి అభ్యర్థి మనస్తత్వాన్ని తెలుసుకోవడానికి ప్రయత్నిస్తున్నాయి. ఆ తపన ఎంత పాతదో దీనివలన తెలుస్తుంది.

అయితే ఒక్కపూట సంభాషణలో మనిషి గుణం తేలుతుందా? ఒక్క దర్శనంలో సినాన్ అంతటివాడు చక్కని దుస్తులను చూచి మోసపోయాడు కదా! దీనికి మెరుగైన మార్గం అర్రాజీ (మరణం సుమారు క్రీ.శ. 925) బోధనలో కనిపిస్తుంది. ఇబ్నె నదీమ్ వ్రాసినదాని ప్రకారం ఆయన చుట్టూ శిష్యులు వలయాలుగా కూర్చునేవారు. రోగి వస్తే మొదట వెలుపలి వలయంలోని వారికి తన బాధ చెప్పుకొనేవాడు. వారికి తెలియకపోతే లోపలి వలయానికి, వారికీ అంతుపట్టకపోతే చివరకు రాజీ వద్దకు చేరేవాడు. ఈ అమరికలో విద్యార్థి ప్రతిరోజూ రోగి సమక్షంలో పరీక్షకు నిలిచేవాడు. తనకు తెలియదని ఒప్పుకొని పైవారికి అప్పగించడం కూడ ఆ చదువులో ఒక భాగమే. వృద్ధునికి సినాన్ పెట్టిన షరతు కూడ అదే కదా! గుణాన్ని ద్వారం దగ్గర కొలవడం కష్టం. రోగి దగ్గర కొంతకాలం గమనిస్తే అది దాగదు.

రొట్టెలు కాల్చేవాని కొడుకు

ఇక ధనం సంగతి. అలీ బిన్ రిజ్వాన్ ఈజిప్టులోని గీజాలో రొట్టెలు కాల్చే ఒక పేదవాని ఇంట జన్మించాడు. వైద్యం నేర్చుకోవాలన్న కోరిక చిన్ననాడే కలిగింది గాని గురువుకు ఇచ్చుకోవడానికి డబ్బు లేదు. జాతకాలు చెప్పి పొట్టపోసుకొంటూ, గ్రంథాలను తనంతట తానే చదువుకొని, చివరకు ఈజిప్టు వైద్యులకు అధిపతి అయ్యాడు.

క్రీ.శ. 1049-50 ప్రాంతంలో బాగ్దాద్ నుండి వచ్చిన ఇబ్నె బుత్లాన్ అనే క్రైస్తవ వైద్యునికీ, ఆయనకూ తీవ్రమైన వాదోపవాదాలు జరిగాయి. గురుముఖతః నేర్చినదే విద్య అని ఇబ్నె బుత్లాన్ వాదించాడు. లేఖకుని పొరపాటు, చుక్క తారుమారైతే పదమే మారిపోయే లిపి, సందేహం తీర్చేవాడు లేకపోవడం – వీటివల్ల పుస్తకాన్ని మాత్రమే నమ్మినవాడు దారి తప్పుతాడని ఆయన అభిప్రాయం. పూర్వ గ్రంథకర్తలను శ్రద్ధగా చదివినవాడు చవకబారు గురువుల శిష్యులకన్న మిన్న అని ఇబ్నె రిజ్వాన్ నమ్మకం.

ఈ వివాదంలో ఇద్దరి పక్షాన సత్యం ఉన్నది. వైద్యం గురువు లేకుండా సంపూర్ణంగా రాదు. అయితే గురువును కొనుక్కోగలవాడే వైద్యుడు కావాలంటే ఇబ్నె రిజ్వాన్ వంటివాడు బయటనే నిలిచిపోతాడు. ఈ చిక్కుకు మన చరిత్ర చూపిన పరిష్కారం వఖ్ఫ్. డమాస్కస్‌లో ప్రసిద్ధ వైద్యుడు ముహజ్జబుద్దీన్ అద్దఖ్వార్ (మరణం క్రీ.శ. 1230) తన స్వగృహాన్నే వైద్య మదరసాగా వఖ్ఫ్ చేశాడు. అక్కడి గురువుకు, విద్యార్థులకు భరణం అందడానికి భూముల ఆదాయాన్ని కేటాయించాడు. ఆయన కూడ ఒక కంటి వైద్యుని కుమారుడు, గ్రంథాలకు ప్రతులు వ్రాస్తూ పైకి వచ్చినవాడు. తండ్రి ఇంటి తలుపుకు బదులు సమాజం తెరచిన తలుపు ఇది.

మన నేలపై ఇదే ప్రశ్న

ఈ ప్రశ్న మనకు దూరపుది కాదు. 1846లో హైదరాబాదులో స్థాపితమైన వైద్య పాఠశాలలో బోధన ఉర్దూలో సాగింది. బోధనాభాష ఏదన్నది కూడ లోపలికి ఎవరు రాగలరో నిర్ణయిస్తుంది. ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో అక్కడి వైద్య కళాశాలల సీట్లను ప్రతి 14కు ఇన్ని అని వర్గాలవారీగా పంచేవారు. అందులో ముస్లింల వాటా ఒకటి. 1951లో చంపకం దొరైరాజన్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఈ పంపకాన్ని కొట్టివేసింది. ఆ ఏడాదే రాజ్యాంగాన్ని తొలిసారి సవరించి, వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయడానికి వీలు కల్పించారు. 1983లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ కేపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేసింది. సినాన్ ముందు ఉంచిన దీనారాల పొట్లం వెయ్యేళ్ళ తరువాత కూడ చట్టసభకు పని కల్పించిందన్నమాట. సామాజికంగా వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ కల్పిస్తూ 2007లో మరొక చట్టం వచ్చింది. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగింది. 2017 నుండి మన రెండు రాష్ట్రాలలో ఎం.బి.బి.ఎస్. ప్రవేశాలకు నీట్ పరీక్ష ఆధారమైనది.

ఒకే పరీక్ష, ఒకే ప్రశ్నపత్రం అనడం ఒక విధంగా న్యాయమే. అక్కడ మార్కులే గాని తండ్రి పేరు అడగరు. కాని భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలలో అభ్యర్థికి ఎంత తెలుసో మాత్రమే అది చెబుతుంది. నెలల తరబడి శిక్షణకు డబ్బు కట్టగలిగినవాని మార్కులకూ, కట్టలేనివాని మార్కులకూ మధ్య గల తేడాలో ప్రతిభ ఎంత, ధనం ఎంత అన్నది ఆ జవాబు పత్రం చెప్పలేదు. ఇబ్నె రిజ్వాన్, ఇబ్నె బుత్లాన్‌ల వివాదం రూపు మార్చుకొని మన వీథులలో సాగుతూనే ఉన్నది.

కనుక రిజర్వేషన్‌ను సమర్థించేటప్పుడు దాన్ని రోగి శ్రేయస్సుకు వ్యతిరేకంగా నిలపనవసరం లేదు. తలుపు విశాలంగా తెరవడం ఒక పని. లోపలికి వచ్చినవానిని రోగి సమక్షంలో కఠినంగా తీర్చిదిద్దడం మరొక పని. మొదటిదానిలో ఉదారత, రెండవదానిలో నిష్కర్ష కావాలి. బాగ్దాద్‌లో ఈ రెండూ ఒకే మనిషి చేతిలో, ఒకే పూటలో కలిసిపోయాయి. అందుకే ఉదారత చూపవలసిన చోటు తప్పింది.

మిగిలిన బాధ్యత మనది. పూర్వులు ఇళ్ళను, పొలాలను వఖ్ఫ్ చేసి విద్యార్థికి భోజనం, గురువుకు జీతం సమకూర్చారు. మన వఖ్ఫ్ ఆస్తుల ఆదాయంలో ఒక పాలు తెలివైన పేద బాలబాలికల శిక్షణకు, వసతికి చేరాలని మనం మన కమిటీలను అడుగుతున్నామా? రొట్టెలు కాల్చేవాని బిడ్డ ఈనాడు కూడ మన మొహల్లాలోనే ఉన్నాడు. అతడు పరీక్ష గది తలుపు దాకా చేరేటట్లు చూడడం ప్రభుత్వం కన్న ముందు మన వంతు.