రేపటి తృప్తి: మనసు వేసే తప్పు లెక్క

మడకశిర సీమ చరిత్ర చాలావరకు నీటి కోసం సాగిన నిరీక్షణ చరిత్ర. 1876-78 నాటి మహాక్షామం ఈ పీఠభూమిని కుంగదీసింది. 1882లో బళ్లారి నుండి వేరుపడి అనంతపురం జిల్లా ఏర్పడినా వానల తీరు మారలేదు. చెరువులను, బావులను నమ్ముకొన్న సేద్యం గత శతాబ్దపు చివరి దశకాలలో బోర్ల వైపు మళ్లింది.

ఇక్కడి నేల అడుగున ఉన్నది గట్టి రాయి. నీరు దాని పగుళ్లలోనే నిలుస్తుంది. పగులు తగలకపోతే పైకి వచ్చేది దుమ్మే. ఒక బోరు ఎండితే అప్పు చేసి మరొకటి వేస్తారు. 'ఈసారి నీళ్లు పడితే కష్టాలన్నీ తీరినట్లే' అన్న నమ్మకమే వారిని నడిపించింది. 2002 నాటి వాల్టా చట్టం తవ్వకాలను నియంత్రించజూసిందే గాని ఆ నమ్మకాన్ని కాదు.

ఈ నమ్మకం రైతుది మాత్రమే కాదు, మనిషి స్వభావానిది. 1978లో బ్రిక్‌మన్ బృందం అమెరికాలో 22 మంది లాటరీ విజేతలను పరిశీలించగా, వారు ఇతరులకంటే చెప్పుకోదగినంత ఎక్కువ సంతోషంగా లేరు. ప్రమాదంలో కాళ్లుచేతులు చచ్చుబడినవారు సైతం అనుకొన్నంత దుఃఖంలో లేరు.

కారణమేమి? పరిణామవాదుల వివరణ ఇది: ఒక పూట వేటతో శాశ్వతంగా తృప్తి చెందిన జీవి మరునాడు వేటకు కదలదు. కనుక కోరికను పెద్దదిగా చూపి, తీరాక త్వరగా చల్లార్చే మెదడే తరతరాలు నిలిచింది. కోతులపై ష్యుల్ట్‌జ్ జరిపిన ప్రయోగాలలో, డోపమిన్ కణాలు అనుకోని బహుమతికి ఉత్తేజితమై, అలవాటైన బహుమతికి మిన్నకున్నాయి. అంటే మనసు వేసే అంచనా మనలను నడిపించడానికే గాని నిజం చెప్పడానికి కాదు.

దుఃఖం విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. అక్కడ అది ప్రాణాంతకం. పంట పోయి అప్పు మిగిలిన రాత్రి 'ఇక ఈ బాధ తీరదు' అని మనసు తీర్పు చెబుతుంది. అప్పు నిజం, కరువు నిజం. ఆ తీర్పు మాత్రం నిజం కానక్కరలేదు. అట్టి వేళ ఒంటరిగా ఉండరాదు. 14416 టెలి-మానస్‌కు ఎవరైనా ఉచితంగా ఫోను చేయవచ్చు.

బోరైనా, పెళ్లి ఖర్చయినా అప్పు చేసేముందు ఒక మందు ఉంది: మీ ఊహను కాక, ఆ పని ఇదివరకే చేసిన పొరుగువారిని అడగండి. ఏడాది తరువాత వారెలా ఉన్నారో, మీరూ దాదాపు అలాగే ఉంటారు.