అడ్డముగా అమర్చిన ఇంజను

మియూరా అనునది స్పెయిను దేశమున వృషభయుద్ధములకు గిత్తలను పెంచుటలో ప్రసిద్ధి కెక్కిన ఒక కుటుంబము పేరు. ఆ పేరును ఇటలీ దేశపు కారొకటి ధరించినది. వేగముగా పరుగెత్తు కార్లు దానికి ముందును కలవు, తరువాతను వచ్చినవి. అయినను ‘సూపర్ కారు’ అను మాటకు నేడు మన మనస్సున తోచు రూపమునకు మియూరాయే మూలమని పలువురు తలచుచున్నారు. దాని ఘనతయు, దాని లోపములలో కొన్నియు ఒకే నిర్ణయమునుండి పుట్టినవి. ఆ సంగతినే ఇప్పుడు మనము పరిశీలింతము.

ఫెరూచియో లాంబోర్గీని ట్రాక్టర్లు చేయించి ధనము గడించినవాడు. 1963లో బొలోన్యా నగర సమీపమున సాంత్ అగాతా అను ఊర ఆయన కార్ల కర్మాగారమును నెలకొల్పెను. ఆయనకు పందెములపై మక్కువ లేదు. దూరప్రయాణమునకు హాయియైన మేలిరకపు కార్లు చేయుటయే ఆయన సంకల్పము. ఆయన కొలువులోని యువకుల మనస్సు మాత్రము పందెపు కార్లపై నుండెను. జాన్ పావోలో దల్లారా, పావోలో స్తాంజాని అను ఇంజనీర్లును, కార్లను నడిపి పరీక్షించు బాబ్ వాలెస్ అను న్యూజీలండు దేశస్థుడును అప్పటికి ముప్పది యేండ్లు నిండనివారే.

ఆనాటి పెద్ద కార్లలో ఇంజను ముందుభాగమున నుండుట ఆచారము. పందెపు కార్లలో దానిని చోదకుని వెనుకకు తెచ్చిరి. బరువు నడిమికి చేరినచో బండి మలుపులలో చురుకుగా తిరుగును. కాని పండ్రెండు సిలిండర్ల ఇంజను పొడవైనది. నిలువుగా నుంచినచో కారే మిక్కిలి పొడవగును. అందుచేత వారు దానిని అడ్డముగా త్రిప్పి అమర్చిరి. ఈ ఉపాయమునకు ప్రేరణ 1959లో వెలువడిన ‘మినీ’ అను చిన్న ఆంగ్లేయ కారు. సామాన్య కుటుంబములకై పుట్టిన యుక్తి సంపన్నుల వాహనమునకు అక్కరకు వచ్చినది! చోటు చాలనందున ఇంజనును, గేర్లను ఒకే పోతలో ఇమిడ్చి, రెంటికిని ఒకే నూనె నుపయోగించిరి.

1965 నవంబరులో తూరిను ప్రదర్శనమున పైతొడుగు లేని చట్రమును మాత్రమే చూపిరి. దానికి రూపమిచ్చినవాడు బెర్తోనె సంస్థకు చెందిన మార్చెల్లో గాందీని. వయస్సు 27 ఏండ్లు. 1966 మార్చిలో జెనీవాలో పూర్తి కారును చూచి ప్రేక్షకులు అబ్బురపడిరి. ఇంజను పరిమాణము 3,929 ఘన సెంటీమీటర్లు; శక్తి 350 అశ్వశక్తులు; గంటకు సుమారు 280 కిలోమీటర్ల వేగమును అందుకొనునని చెప్పిరి.

ఇక లోపముల మాట. చోదకుని వీపు వెనుకనే ఇంజను. దాని వేడిమియు, హోరును తప్పవు. గేర్లనుండి రాలిన లోహపు రజను ఉమ్మడి నూనెతో ఇంజనులోనికి చేరు ప్రమాదము కలదు. పెట్రోలు టాంకు ముందుండుటచే, పెట్రోలు తరిగిన కొలది ముందుభాగము తేలికయగును. అతివేగమున గాలి దానిని పైకెత్తగా, ముందు చక్రముల పట్టు సడలును. ఈ లోపములను కొంత కొంతగా సవరించిరి. 1968లో ఎస్ రకమునకు 370, 1971లో ఎస్‌వి రకమునకు 385 అశ్వశక్తులు కలిగినవి. ఎస్‌వి వెనుక చక్రములు మరింత వెడల్పైనవి. కడపటి వానిలో నూనెలను వేరు చేసిరి. 1973లో తయారీ ముగియునప్పటికి వెలువడినవి సుమారు 760 కార్లు.

తరువాత వచ్చిన కౌంటాక్ కారులో స్తాంజానియే ఇంజనును మరల నిలువుగా త్రిప్పెను. అడ్డపు అమరిక నిలువలేదు. చోదకుని వెనుక ఇంజను అను పద్ధతి మాత్రము నిలిచినది. ఫెరారీ సంస్థయు 1973లో తన పండ్రెండు సిలిండర్ల కారునకు ఆ త్రోవనే పట్టినది. లోపములన్నియు తీరువరకు ఆ యువకులు వేచియుండినచో మియూరా పుట్టియుండెడిది కాదేమో. కాని ఆ తొందర భారమును మోసినవాడు చక్రము చేతబట్టిన చోదకుడు. సాహసమును మెచ్చుకొనునపుడు ఆ రెండవ మాటను కూడ మనము మరువరాదు.