నేల ఉసిరి: వైరస్, వాపు నిరోధక పరీక్షల చరిత్ర

నేల ఉసిరి వానకాలంలో పొలం గట్ల మీద, పైరు సాళ్ల మధ్య మొలిచే చిన్న మొక్క. శాస్త్రనామం ఫిల్లాంథస్ అమారస్. జానెడు నుంచి మూరెడు ఎత్తు పెరుగుతుంది. సన్నని రెమ్మల అడుగున, ఆకుల కింద వరుసగా కాయలు కాస్తుంది. ఆదోని, ఎమ్మిగనూరు చేలతో సహా తెలుగునాట అంతటా దీన్ని కలుపుగా పీకి పారేస్తారు. కామెర్లు వస్తే అదే మొక్కను నూరి పసరు మజ్జిగలో కలిపి తాగిస్తారు. ఆయుర్వేదంలో దీని పేర్లు భూమ్యామలకి, తామలకి. చరకుని కాలం నుంచి వైద్యులు దీన్ని దగ్గుకు, కాలేయ వ్యాధులకు వాడుతూ వచ్చారు.

రసాయన పరిశోధనలో ముఖ్యమైన ఘట్టం వాల్తేరులో నడిచింది. మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ వద్ద శిక్షణ పొందిన టి.ఆర్. శేషాద్రి 1930ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరి, రసాయన శాస్త్ర విభాగాన్ని దాదాపు శూన్యం నుంచి నిలబెట్టారు. చుట్టుపక్కల దొరికే పూలు, బెరళ్లు, వేళ్లే ఆయన ముడిసరుకు. రెండో ప్రపంచ యుద్ధంలో విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలినా పని ఆగలేదు. 1946లో జి.వి. కృష్ణమూర్తి, శేషాద్రి నేల ఉసిరి చేదు పదార్థంపై భారత విజ్ఞాన అకాడమీ పత్రికలో వ్యాసం ప్రకటించారు. చేదైన ఫిల్లాంథిన్, చేదు లేని హైపోఫిల్లాంథిన్ అనే రెండు స్ఫటిక పదార్థాలను అందులో వివరించారు. శేషాద్రి 1949లో ఢిల్లీ వెళ్లినా, అదే విశ్వవిద్యాలయంలో ఎల్. రామచంద్రరావు బృందం ఆ దారినే సాగి, 1960ల్లో ఫిల్లాంథిన్ లిగ్నాన్ అనే మొక్కల రసాయనాల వర్గానికి చెందినదని నిర్మాణంతో సహా తేల్చింది. పరికరాలు కొద్దిగా ఉన్న రోజుల్లో జరిగిన ఈ కృషి ప్రశంసనీయం. నేటికీ నేల ఉసిరి పొడి నాణ్యతను కొలవడానికి ఈ రెండు పదార్థాలే గుర్తులు.

వైరస్ పరీక్షలు మద్రాసులో మొదలయ్యాయి. 1982లో ఎస్.పి. త్యాగరాజన్ బృందం నేల ఉసిరి, గుంటగలగర సారాలు కాలేయానికి సోకే హెపటైటిస్ బి వైరస్ ఉపరితల యాంటిజెన్‌ను పరీక్షనాళికలో నిర్వీర్యం చేస్తాయని చూపింది. ఆ వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ బహుమతి అందుకున్న బ్లూంబర్గ్, వెంకటేశ్వరన్‌తో కలిసి 1987లో అమెరికాలో వుడ్‌చక్ అనే జంతువులపై నేల ఉసిరి సారాన్ని పరీక్షించారు. 1988లో లాన్సెట్‌లో వచ్చిన మద్రాసు ఫలితాలు సంచలనం రేపాయి: వైరస్ సోకినవారిలో 30 రోజులు నేల ఉసిరి మందు తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో యాంటిజెన్ మాయమైంది, ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది.

థాయ్‌లాండ్, న్యూజిలాండ్ పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. మొక్కల గుర్తింపులోనూ చిక్కు ఉంది. మన గ్రంథాల్లో ఫిల్లాంథస్ నిరూరి పేరుతో రాసినది నిజానికి అమారస్, ఫ్రాటెర్నస్, డెబిలిస్ అనే మూడు జాతుల కలగలుపని మిత్ర, జైన్ 1985లో నిరూపించారు. కాబట్టి పాత వ్యాసాల్లో ఏ మొక్కను పరీక్షించారో చాలాచోట్ల చెప్పలేం. 2011లో, వైద్య పరీక్షల ఫలితాలను కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ సమీక్ష, ఈ మొక్క ఒక్కదానితోనే హెపటైటిస్ బి తగ్గుతుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది.

వాపు నిరోధక గుణానికి ఆధారాలు ప్రయోగశాల స్థాయిలో ఉన్నాయి. 2003లో జర్మనీలో కీమర్ బృందం జరిపిన పరీక్షల్లో, నేల ఉసిరి సారం వాపును రగిల్చే ఎన్‌ఎఫ్-కప్పా బి అనే ప్రొటీన్‌ను, దాని వెంట కాక్స్-2 ఎంజైమును అణచినట్టు తేలింది.

హెపటైటిస్ బి నివారణకు తెలుగునాట వచ్చిన గట్టి సాధనం టీకా. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశంలో తొలి రీకాంబినెంట్ టీకా శాన్‌వాక్-బి విడుదల చేసింది. కామెర్లు కనిపిస్తే పసరు తాగడానికి ముందు రక్త పరీక్ష చేయించుకోవడం అవసరం.