జోగులాంబ

జోగులాంబ అలంపురంలో వెలసిన అమ్మవారు. అష్టాదశ శక్తిపీఠాలలో ఐదవ పీఠానికి అధిదేవత. ఈ క్షేత్రం తెలంగాణ రాష్ట్రంలోని జోగులాంబ గద్వాల జిల్లాలో, తుంగభద్రా నది ఎడమ గట్టున ఉన్నది. శవంపై ఆసీనురాలై, కేశాలలో పుర్రె, బల్లి, తేలు, గబ్బిలం ధరించిన భయంకర రూపం ఈమెది. ఇంట మరణాలు, అరిష్టాలు సంభవించినప్పుడు గృహస్థులు ఈమెను 'గృహచండి'గా కొలుస్తారు. శక్తిపీఠాలకు మూలమైన సతీదేవి మరణ గాథ తమ స్థలంలోనే జరిగినదని నంద్యాల జిల్లాలోని సంగమేశ్వరం స్థలపురాణం చెబుతున్నది. ఈ విధంగా ఒకే గాథలోని రెండు ఘట్టాలు ఈ రెండు క్షేత్రాలకు అన్వయింపబడినవి.

పేరు

'యోగుల అంబ' అనే మాట వాడుకలో 'జోగులాంబ'గా మారినదని చెబుతారు. యోగులకు, యోగినులకు తల్లి అని దీని భావం. సంస్కృత శబ్దాలలోని 'య'కారం తెలుగులో 'జ'కారమగుట సాధారణమే. 'యాత్ర' అనునది 'జాతర' అయినట్లే, 'యోగి' అనునది 'జోగి' అయినది.

స్థల పురాణం

దక్షుడు తలపెట్టిన యజ్ఞానికి కుమార్తె సతీదేవిని గాని, అల్లుడైన శివుని గాని పిలువలేదు. పుట్టింటి మమకారంతో పిలువకున్నా వెళ్లిన సతి, అక్కడ భర్తకు జరిగిన నిందను సహింపలేక దేహత్యాగం చేసినది. శివుడు దుఃఖంతో తన కర్తవ్యాన్ని మరచి ఆమె కళేబరాన్ని భుజాన వేసుకొని లోకమంతా తిరిగినాడు. ఆ శోకాన్ని మాన్పుటకు విష్ణువు తన చక్రంతో ఆ దేహాన్ని ఖండించగా, ఒక్కొక్క భాగం పడిన చోట ఒక్కొక్క శక్తిపీఠం ఏర్పడినది. అలంపురంలో పైవరుస దంతాలు పడినవని ప్రతీతి. పీఠాల సంఖ్య గ్రంథాన్ని బట్టి 18, 51, 108గా మారుతుంది. ఆదిశంకరులకు ఆపాదింపబడిన అష్టాదశ శక్తిపీఠ స్తోత్రంలో అలంపురం ఐదవది, శ్రీశైలం ఆరవది.

అలంపురంలో దుఃఖంతో కూడిన మరొక గాథ కూడా ప్రచారంలో ఉన్నది. తండ్రి జమదగ్ని ఆజ్ఞపై పరశురాముడు తల్లి రేణుక శిరస్సును ఖండించినాడు. ఆ శిరస్సు ఎల్లమ్మగాను, మొండెం భూదేవిగాను పూజలందుకొన్నవని ఇక్కడివారి కథనం. అలంపురంలో లభించిన తల లేని స్త్రీమూర్తిని ఈ భూదేవిగా భావించి, సంతానం కోరే స్త్రీలు పూజించేవారు. శిల్ప చరిత్రకారులు దీనిని లజ్జాగౌరి అంటారు. ఈ విధంగా జననానికి, మరణానికి సంబంధించిన ఇద్దరు దేవతలు ఒకే క్షేత్రంలో కనిపిస్తారు.

మూర్తి స్వరూపం

శిల్పశాస్త్రం ప్రకారం జోగులాంబ చాముండ లక్షణాలు గల మూర్తి. చాముండ సప్తమాతృకలలో చివరిది. చండ ముండులను సంహరించినందున కాళికి ఆ పేరు వచ్చినదని దేవీ మాహాత్మ్యం చెబుతున్నది. చిక్కిన దేహం, లోతుకు పోయిన కడుపు, కపాలాలు, ఆసనంగా శవం, శరీరంపై తేలు మున్నగునవి చాముండ విగ్రహాలలో దేశమంతటా కనిపిస్తాయి.

జోగులాంబ కేశాలలోని నాలుగు గుర్తులకు స్థానికంగా వేరొక వివరణ కలదు. ఇంట జీవకళ తగ్గనారంభించినప్పుడు మొదట బల్లులు పెరుగుతాయి. ఆ తరువాత తేళ్లు చేరుతాయి. ఇంకా పాడుపడిన ఇంట గబ్బిలాలు వ్రేలాడుతాయి. చివరకు ఆ ఇంట మరణం సంభవిస్తుంది. పుర్రె ఆ మరణానికి గుర్తు. కొందరు గబ్బిలానికి బదులు గుడ్లగూబ అని చెబుతారు. ఈ విధంగా చూచినప్పుడు అమ్మవారి కేశాలు ఒక ఇల్లు క్షీణించే క్రమాన్ని వరుసగా చూపుతున్నవి. ఆ అరిష్టాలన్నింటిని తన తలపై ధరించినందున భక్తుల ఇండ్లకు అవి రావని విశ్వాసం.

ఆరాధన

తెలుగు హిందువుల ఇండ్లలో మరణం సంభవించినప్పుడు సూతకం ముగిసే వరకు దేవాలయానికి వెళ్లరు. పెద్ద దిక్కు పోయిన ఇంట ఏడాది పాటు పండుగలు జరుపుకొనని ఆచారం కూడా కలదు. దేవాలయం శుభానికి, మృత్యువు అశుభానికి సంబంధించినవని, ఆ రెండూ కలువరాదని దీని భావం. ఇందుకు భిన్నంగా అలంపురంలో గర్భగుడిలోని దేవతయే శవంపై కూర్చుండి పుర్రెను ధరించినది. దుఃఖంలో ఉన్న భక్తునికి తన కష్టం ఈ దేవతకు తెలియనిది కాదనే ధైర్యం కలుగుతుంది. ఇంటి దోషాలు, వరుస మరణాలు, దృష్టి దోషాలు తొలగుటకు భక్తులు ఇక్కడ చండీ హోమాలు, కుంకుమార్చనలు జరిపిస్తారు.

అమ్మవారు ఉగ్రస్వరూపిణి. ఆమెను చల్లబరచుటకు ఆలయం చుట్టూ నీటి గుండం ఏర్పాటు చేయబడినది. మాఘ మాసంలో బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. మిగిలిన దినాలలో అలంకారంలో కనిపించే అమ్మవారు మాఘ శుద్ధ పంచమి నాడు అభిషేక సమయంలో నిజరూప దర్శనం ఇస్తారు. ఆశ్వయుజ మాసంలో దేవీ శరన్నవరాత్రులు వైభవంగా జరుగుతాయి. 2008లోను, 2020లోను వచ్చిన తుంగభద్ర పుష్కరాలలో భక్తులు ఇక్కడ నదీస్నానం చేసి, పితృదేవతలకు పిండప్రదానం చేసినారు.

దేవాలయ చరిత్ర

అలంపురంలోని నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల కాలంలో, ముఖ్యంగా 7, 8 శతాబ్దాలలో నిర్మింపబడినవి. పేరులో బ్రహ్మ ఉన్నప్పటికి ఇవన్నీ శివాలయాలు. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ బ్రహ్మ ఆలయాలని వీటి పేర్లు. వీటిలో బాలబ్రహ్మేశ్వరుడు ప్రధాన దైవం.

జోగులాంబ ప్రాచీన ఆలయం 14వ శతాబ్ది చివర బహమనీ సైన్యాల దాడిలో ధ్వంసమైనదని చెబుతారు. అప్పుడు అమ్మవారి విగ్రహాన్ని, పరివార దేవతలైన చండి, ముండి విగ్రహాలను బాలబ్రహ్మేశ్వరాలయంలోకి చేర్చినారు. ఇండ్లను కాపాడే గృహచండి ఆ తరువాత సుమారు ఆరు శతాబ్దాలు తనకంటూ గుడి లేక వేరొక ఆలయంలో పూజలందుకొన్నది. ప్రాచీన ఆలయం ఉండిన స్థలంలో నూతన ఆలయం నిర్మించి 2005లో అమ్మవారిని ప్రతిష్ఠించారు.

అలంపురం శాసనాలను, చరిత్రను వెలుగులోకి తెచ్చినవారిలో గడియారం రామకృష్ణ శర్మ (1919-2006) ముఖ్యులు. ఆయన ఆత్మకథ 'శతపత్రము'నకు మరణానంతరం కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించినది.

అలంపురం 1956కు పూర్వం హైదరాబాదు రాష్ట్రంలోని రాయచూరు జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనతో మహబూబ్‌నగర్ జిల్లాలో చేరినది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన కొత్త జిల్లాకు అమ్మవారి పేరు పెట్టబడినది.

సంగమేశ్వరం

దక్షయజ్ఞం జరిగిన స్థలం ఏది అన్న విషయంలో పలు క్షేత్రాల వారు తమ తమ స్థలాలను చెప్పుకుంటారు. హరిద్వారం సమీపంలోని కన్‌ఖల్, గోదావరి ప్రాంతంలోని ద్రాక్షారామం వీటిలో ప్రసిద్ధమైనవి. నంద్యాల జిల్లా కొత్తపల్లె మండలంలోని సప్తనదీ సంగమేశ్వరం కూడా ఇటువంటిదే. సతీదేవి శరీరం ఇక్కడ నివృత్తి అయినందున దీనికి 'నివృత్తి సంగమేశ్వరం' అనే పేరు వచ్చినదని స్థలపురాణం. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి అనే ఏడు నదులు కలిసే చోటు ఇది. ఇక్కడి శివలింగం వేపదారువుతో చేసినదని, ధర్మరాజు ప్రతిష్ఠించినాడని ప్రతీతి.

శ్రీశైలం జలాశయం నిర్మాణంతో 1981లో ఈ ఆలయం నీట మునిగినది. మరల 2003లో మొదటిసారిగా బయటపడినది. అప్పటి నుండి జలాశయంలో నీటిమట్టం తగ్గిన వేసవి నెలలలో ఆలయం కనిపిస్తుంది. వానకాలంలో వరద రాగానే మరల మునుగుతుంది. గర్భగుడిలోకి నీరు చేరే సమయాన చివరి పూజ చేస్తారు. ఆపై పూజారి పడవలో వెళ్లి శిఖరానికి పూజ చేసే దృశ్యం ఈ ప్రాంతంవారికి పరిచితం. ఆలయంతో పాటు నదీతీర గ్రామాలు కూడా మునిగినవి. ఊరు కోల్పోయిన కుటుంబాలకు ఏటా కొద్దికాలం మాత్రమే కనిపించే ఈ గుడి, పోయిన ఊరి జ్ఞాపకం కూడా.

అలంపురం సమీపాన కృష్ణా తుంగభద్రల సంగమం వద్ద ఉండిన కూడవెల్లి సంగమేశ్వరాలయం వేరొకటి. ముంపును తప్పించుటకు దానిని రాయి రాయిగా విప్పి అలంపురంలో పునర్నిర్మించారు. పాపనాశి ఆలయాలను కూడా అట్లే తరలించారు.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంతో సంబంధం

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో శ్రీశైలం, మహానంది, అహోబిలం, సంగమేశ్వరం ఉన్నవి. శ్రీశైలానికి నాలుగు ప్రధాన ద్వారాలు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, ఉత్తరాన ఉమామహేశ్వరం కాగా, అలంపురం పశ్చిమ ద్వారం. సంగమేశ్వరం ఉపద్వారాలలో ఒకటి. మహానంది, పాణ్యం, కడమరకాలువ ఆలయాల శిఖరాలు అలంపురం వలెనే చాళుక్యుల నాటి నాగర శైలికి చెందినవి.

ఆళ్లగడ్డ సమీపంలోని అహోబిలంలో కూడా ఆరాధ్యదైవం ఉగ్రమూర్తియే. అక్కడ నరసింహుని కోపం శాంతించుట, ఇక్కడ అమ్మవారి ఉగ్రం చల్లారుట ఆరాధనలో ముఖ్యాంశాలు. ఆళ్లగడ్డ పట్టణం శిలా శిల్పులకు పేరుపొందినది. ఆలయాలకు కావలసిన దేవతామూర్తులు ఇక్కడ మలచబడి అనేక ప్రాంతాలకు వెళ్తాయి.

ఇతర సంస్కృతులలో

ప్రాచీన ఈజిప్టులో నెఫ్తిస్ దుఃఖానికి, మరణానికి సంబంధించిన దేవత. సోదరుడు ఒసైరిస్ హతుడైనప్పుడు ఆమె, అక్క ఐసిస్‌తో కలిసి గ్రద్ద రూపంలో విలపించినదని గాథ. ఒసైరిస్ ఉత్సవాలలో ఇద్దరు స్త్రీలు ఈ అక్కచెల్లెండ్ర పాత్రలు ధరించి శోకగీతాలు పాడేవారు. మృతదేహాలను, మమ్మీల ఊపిరితిత్తులు ఉంచిన పాత్రలను కాపాడే దేవతలలో నెఫ్తిస్ ఒకరు.

గ్రీకు రచయిత ప్లూటార్క్ ప్రకారం ఒసైరిస్ దేహం 14 ముక్కలు చేయబడినది. ఐసిస్ ఒక్కొక్క ముక్క దొరికిన చోట సమాధి నిర్మించినది. ఒకే దైవానికి అనేక సమాధి క్షేత్రాలు ఏర్పడుటకు కారణం చెప్పే ఈ కథ, సతీదేవి దేహఖండాల కథకు దగ్గరగా ఉన్నది. నెఫ్తిస్ అనే పేరుకు 'గృహానికి అధినేత్రి' అని అర్థం. జోగులాంబకు గృహచండి అనే పేరుండుట గమనింపదగినది. ఈ పోలిక భావానికి సంబంధించినదే గాని చారిత్రక సంబంధాన్ని తెలుపునది కాదు. ఒకరి మరణంతో ఇల్లు ఏమవుతుందనే భయం, ఆ దుఃఖాన్ని వినే దైవం కావాలనే కోరిక రెండు చోట్ల కనిపిస్తాయి.

చేరుకొనే మార్గం

హైదరాబాదు - కర్నూలు మధ్య 44వ నంబరు జాతీయ రహదారిపై అలంపురం చౌరస్తా నుండి అలంపురానికి చేరవచ్చును. కర్నూలు నుండి సుమారు 27 కిలోమీటర్లు. నంద్యాల, ఆళ్లగడ్డల నుండి వచ్చువారు కర్నూలు మీదుగా రావలెను. సంగమేశ్వరానికి నంద్యాల నుండి ఆత్మకూరు మీదుగా మార్గం కలదు. ఆలయం నీటి నుండి బయటపడినదీ లేనిదీ ముందుగా తెలుసుకొని వెళ్లుట మంచిది.